లేనివాటి లెక్క

రోహిణి కార్తె, మొదట్లో

తేట పట్టినవాళ్లు రోజూ నాలుగు ముక్కలు రాసుకోవాలని మా పంట్లపాలెం వైద్యశాల నియమం. మెదడుకి కసరత్తట. ఎవరూ చదవరు, ఎవరూ అడగరు. నాకు తేట పట్టి మూడేళ్లు కావస్తోంది. ఇన్నాళ్లూ ఏం వండానో, ఎవరిని తిట్టానో రాసుకుంటూ వచ్చాను. ఇక మీదట ఆఫీసు సంగతులు కూడా రాయాలి, ఎందుకంటే ఇవాళ మాడిపోయిన అట్టు మీద ఒక పూటంతా కొట్లాడుకున్నాం.

ఊళ్లో అందరికీ విడతలవారీగా సిరా మరకలు చూపించి ఏం కనబడుతోందో చెప్పమంటారు, ఆ జవాబులు లెక్కెయ్యడం మా పని. ఇవాళ ఒక మరక చూసి ఎవరో "మాడిపోయిన అట్టు" అన్నారు. నేను ఒక మడ్డి మార్కు వేశాను. ఎదురు బల్ల మీద అవతారం గారు సున్నా వేశారు.

"మాడితే పాడైనట్టే కదండీ? చచ్చినది, చిరిగినది, విరిగినది, పాడైనది ఏది కనబడినా మడ్డి వెయ్యమనే కదా రూలు?" అన్నాను.

"అమ్మా తాయారూ, మా ఇంట్లో అట్టు ఎప్పుడూ అలాగే వస్తదమ్మా. ఆ లెక్కన మా ఆవిడ చేతి వంట తిన్నోళ్లందరికీ తేట పట్టించాలి," అన్నారాయన.

నవ్వలేక చచ్చాను. చివరికి అరమార్కుకి రాజీపడ్డాం. నిన్న ఎండుచేప మీద ఇదే గొడవ. ఎండుచేపకి మడ్డి వేస్తే ఈ ఊళ్లో ఒక్కడూ మిగలడని ఆయన వాదన, అది నిజమే. సముద్రం మీద పంట్లు, అంటే ఈ బల్లకట్టు పడవలు, గొలుసులతో కట్టుకుని బతికేవాళ్లకి ఎండుచేప అంటే అన్నం.

నాకు ఈ పని ఇష్టం. తేట పట్టిన కంటికే ఎదుటివాళ్లలో మడ్డి బాగా కనబడుతుందని మమ్మల్నే ఈ బల్లల దగ్గర కూర్చోబెడతారు. అయిదు మడ్డులు పడితే ఆ మనిషి లోపల బురద లేచిందని లెక్క. పిలిపించి, ఏ జ్ఞాపకం లాగుతోందో దాన్ని తీసేస్తారు. పూర్వం గోదావరి నీళ్లబిందెలో చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుక్కి దిగేదట. ఆ తేటే ఈ తేట. నాలోంచి ఏం తీశారో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పకూడదు. చెబితే చెప్పినవాళ్లకీ విన్నవాళ్లకీ కూడా తేట పట్టిస్తారు.

ఇంటికొచ్చేసరికి బావ పొయ్యి ముందు కూర్చుని రొయ్యలు వలుస్తున్నాడు. మా బావ పేర్రాజు, నా మేనత్త కొడుకు, నా మొగుడు. పంటికీ పంటికీ మధ్య సందుల మీద వలలు కట్టడం అతని పని.

"ఇయ్యాల ఎంతమందిని పిచ్చోళ్లని చేసేవే?" అన్నాడు.

"నిన్నొక్కణ్ణీ చెయ్యక్కర్లేదు బావా, పుట్టుకతోనే అయిపోయావు."

ఇల్లెగిరేలా నవ్వాడు. చిన్నదానికీ పెద్దదానికీ నవ్వుతాడు. ఊరందరిలో నా అదృష్టమే అదృష్టం అని మా తొమ్మిదో పంటిలో ఆడవాళ్లు అంటూ ఉంటారు.

మృగశిర కార్తె

మోకులు పేనే భద్రయ్య తాత పంటి అంచు మీంచి నీళ్లలోకి దిగిపోయాడు. జారి పడడం కాదు. చెప్పులు విడిచి, కండువా మడతపెట్టి, దిగాడు.

కిందటి నెలే ఆయన మరకలు చూశాడు. మేమే లెక్కేశాం. ఒక్క మడ్డి కూడా పడలేదు. సున్నా! పెద్ద డాక్టరు వనజాక్షి గారు మమ్మల్ని పిలిపించి ఒక్కమాటే అడిగారు. "సున్నా వచ్చిన మనిషి ఎలా పోతాడండి?"

అవతారం గారు తల దించుకున్నారు. నాకైతే ఒళ్లు మండింది. మా లెక్క తప్పయితే చూపించండి అన్నాను. ఆవిడ భద్రయ్య తాత జవాబులు నా ముందు పడేశారు. ఇంటికి కూడా వెళ్లకుండా వాటినే చదువుతూ కూర్చున్నాను.

తాత ఎక్కడా చావు అనలేదు, విరిగింది అనలేదు. మొదటి మరకకి "ముగ్గు లేని గుమ్మం" అన్నాడు. ఇంకోదానికి "పడవ, మనిషి లేడు" అన్నాడు. ఇంకోదానికి "పీట వేసి ఉంది, ఎవరూ కూర్చోలేదు." గుమ్మం బాగానే ఉంది, పడవ బాగానే ఉంది, పీటకి దెబ్బేమీ లేదు. అందుకే మేం సున్నా వేశాం. తాత భార్య పోయి రెండేళ్లని అవతారం గారు తర్వాత చెప్పారు.

పాత తరం వాళ్లు చెడుమాట నోటితో అనరు. మా అత్త కూడా అంతే. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నువ్వు విరిగిందంటే తథాస్తు అంటారు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నా చిన్నప్పుడు వీపు మీద చరిచి మరీ చెప్పేది. ఆవిడ చేతిలో పెరిగినవాళ్లెవరూ పగిలిన కుండని పగిలిందనరు. మరి అలాంటివాళ్ల దుఃఖం మా రూలుకి ఎలా దొరుకుతుంది? ఉన్న వస్తువు బాగానే ఉంటుంది. లేనిదేదో చూడాలి మనం.

ఆరుద్ర కార్తె

వర్షం పట్టుకుంది. తొట్లన్నీ నిండాయి. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రానికి నాలుగు రోజులు సెలవు.

నేను సభ ముందు మాట్లాడాను! నేను, మంగతాయారుని, పెద్ద డాక్టర్ల ముందు నిలబడి! లేనితనానికి కూడా మడ్డి వెయ్యాలన్నాను. ఉండాల్సిన మనిషి లేని చోటు, జతలో ఒకటే మిగిలిన వస్తువు, ఎవరూ ముట్టని కంచం ఇలాంటివి జవాబులో వస్తే చచ్చినదానితో సమానంగా లెక్కపెట్టాలన్నాను. భద్రయ్య తాత జవాబులు చదివి వినిపించాను. కొత్త రూలు ప్రకారం ఆయనకి ఆరు పడేవి. బతికి ఉండేవాడు.

వనజాక్షి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చేతులెత్తారు అందరూ. రూలు మారింది. పోయిన విడత జవాబులన్నీ తిరిగి లెక్కపెట్టమన్నారు.

బావకి చెప్పాలని పరుగున వచ్చాను. వల కట్టి తడిసి ముద్దయి వచ్చి తల తుడుచుకుంటున్నాడు. అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

బావ తల తుడుచుకోవడం ఆపాడు. "లేనిదానికి కూడానా?" అన్నాడు.

"అవును బావా. ఎంతమంది బయటపడతారో!"

"మంచి పనే చేసేవే. నీ బుర్రే బుర్ర," అన్నాడు. నవ్వాడు కూడా. అయితే ఆ పూట పులుసు సగం వదిలేశాడు. ఉప్పు ఎక్కువైందేమోనని నేను రుచి చూశాను, సరిగ్గానే ఉంది.

పునర్వసు కార్తె

తిరిగి లెక్కపెట్టడం మొదలైంది. చాలామందికి మార్పేమీ లేదు. సీతాకోకచిలుకలు, గబ్బిలాలు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు. ఈ ఊళ్లో మరక చూసిన ప్రతివాడికీ ఇద్దరు ముసలమ్మలు కనబడతారు, ఎవరి చాడీలు చెప్పుకుంటున్నారో మాత్రం తెలియదు.

మధ్యాహ్నం ఒకరి జవాబులు చేతికొచ్చాయి. పేరు లేదు, మాట తీరు కూడా లేదు. రాతగాళ్లు అందరి యాసనీ ఒకేలా దిద్దేస్తారు కనక ఆడో మగో కూడా తెలియలేదు.

"చిన్న చెప్పు, ఒకటే ఉంది."

"తీగ మీద గౌను. ఎప్పుడో ఆరింది, ఎవరూ తియ్యలేదు."

"రెండు చేతులు. పట్టుకున్నట్టు ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు."

"పక్క. ఇటు ఒకరు, అటు ఒకరు. నడుమ చోటుంది."

చదువుతుండగానే కాగితం మీద నీటిబొట్టు పడింది. కప్పు కారుతోందనుకుని పైకి చూశాను. నా కళ్లే. తేట పట్టినదాన్ని, ఎవరి జవాబులకీ ఇన్నేళ్లలో చెమ్మగిల్లలేదు. అవతారం గారు చూడకుండా పైట చెంగుతో తుడుచుకున్నాను. ఎవరో తల్లో తండ్రో, ఇన్నాళ్లూ సున్నా వేసి పంపించేశాం. పాపం! ఎంత మోశారో!

ఏడు మడ్డులు వేశాను. అవతారం గారు కూడా ఏడే వేశారు, ఎప్పుడూ లేనిది వాదనే రాలేదు. ఆ కాగితం పేర్లు కలిపే పై గదికి పంపించేటప్పుడు దానికి దండం పెట్టాను. ఒక ప్రాణం గట్టెక్కింది, నా వల్ల గట్టెక్కింది అనుకున్నాను.

పునర్వసు కార్తె, చివర్లో

తేటకి పిలుపొచ్చే పద్ధతి ఒకటుంది మా ఊళ్లో. కాగితం రాదు, మనిషి అరవడు. తెల్లారేసరికి గుమ్మం ముందు మూతపెట్టిన రాగి బిందెతో మంచినీళ్లు ఉంటాయి. ఇంట్లోవాళ్లు వాటిని తాగాలి. నీళ్లు అయిపోయిన రోజున పిలుపొచ్చిన మనిషి ఖాళీ బిందె పట్టుకుని వైద్యశాలకి వెళ్లాలి. ఎవరి గుమ్మంలోనైనా బిందె కనబడితే ఇరుగుపొరుగు తల తిప్పుకుని పోతారు.

ఈ ఉదయం తలుపు తీస్తే బిందె.

నాకే అనుకున్నాను. ఒకసారి తేట పట్టినవాళ్లకి మళ్లీ పట్టించడం అరుదే కానీ లేకపోలేదు. "బావా, నాకు బిందె వచ్చింది," అని అరిచాను.

బావ లోపల్నుంచి వచ్చాడు. బిందెని చూశాడు. వంగి దాన్ని ఎత్తి లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు.

"నీక్కాదే. నాకు."

"నీకేం మడ్డి ఉంది బావా? నువ్వు రోజంతా ఇకిలిస్తూనే ఉంటావు కదా!"

బిందె మూత సర్దాడు. చిన్న చెప్పు. తీగ మీద గౌను. పక్కలో ఇటు ఒకరు, అటు ఒకరు. నేను ఆ ఏడు మార్కులూ ఎవరికి వేశానో నాకప్పుడు తెలిసింది. పక్కలో అటు పడుకున్నది ఎవరో కూడా తెలిసింది.

"ఎవరిది బావా ఆ చెప్పు?" అన్నాను.

"అడక్కే తాయారూ."

"ఎవరిదో చెప్పు."

బావ తలుపు మూశాడు.

పుష్యమి కార్తె

రాయకూడదని తెలుసు. రాస్తున్నాను. ఎవరైనా చదివితే చదవనీ.

మాకో కూతురుండేది. పేరు నూకరత్నం, మా అత్త పేరే. రత్తీ అని పిలిచేవాళ్లం. పిలిచేవాళ్లమట. ఆరేళ్ల పిల్ల.

అప్పుడు మేం మూడో పంటిలో ఉండేవాళ్లం. తుఫాను గాలికి పంట్లు దగ్గరికొస్తూ దూరమవుతూ ఉన్నాయి. వంటపంటికి పోవాలని నేను దాన్ని చెయ్యి పట్టుకుని దాటిస్తున్నాను. సందు విచ్చుకుంది. అప్పటికి సందుల మీద వలలు లేవు. బావ ఇక్కడి దాకా చెప్పి ఆగిపోయాడు. నేను అతని గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "నేను వదిలేశానా?" అని అడిగాను.

"లేదే. నువ్వొదల్లేదు. వానకి చెయ్యి జారిపోయింది. నువ్వూ దూకేవు. ముగ్గురు కలిసి నిన్ను లాగేరు. అది మాత్రం దొరకలా. పంటి అంచున చెప్పొకటి మిగిలింది."

ఆ తర్వాత నేను అన్నం మానేశానట. పగలూ రాత్రీ ఆ సందు దగ్గరే కూర్చునేదాన్నట. ఇంకోసారి దూకానట. మరకలు చూపిస్తే ప్రతి మరకలోనూ మునిగిపోయిన పిల్లే కనబడిందట. పది మడ్డులు.

"నేనే సంతకం పెట్టేనే," అన్నాడు బావ. "దాని తల్లివి నువ్వు. నిన్నడక్కుండా దాన్ని నీలోంచి తీయించేసేను. లేపోతే నువ్వు కూడా పోయేదానివి. ఇద్దర్ని ఎక్కడ పోగొట్టుకోమంటావ్?"

ఈ మనిషి మూడేళ్లుగా నా పక్కన పడుకుని, నా చేతి కూడు తిని, నా సొల్లు కబుర్లకి ఇల్లెగిరేలా నవ్వాడు. బయటికెళ్లి సందుల మీద వలలు కట్టుకుంటూ తిరిగాడు. ఊళ్లో ఇంకే పిల్లా పడకూడదని ఆ పని తనే అడిగి వేయించుకున్నాడట. నేనేమో "ఇదేం దిక్కుమాలిన పని బావా, వేరే ఏదైనా చూసుకోరాదూ" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో!

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఆ పిల్ల ముఖం కోసం వెతుక్కున్నాను. లేదు. ఎక్కడా లేదు. కన్న కూతురి కోసం ఏడవడానికి కూడా నా దగ్గర ఒక ముఖం లేకుండా పోయింది. ఇప్పుడు అది ఉన్న చోటు బావ ఒక్కడే. ఆ చోటుకి ఏడు మార్కులు వేసి నేనే పంపించాను.

పుష్యమి కార్తె, తర్వాత

బావ చెప్పిన మర్నాడు తెల్లవారగానే అవతారం గారి ఇంటికెళ్లి కాళ్ల మీద పడ్డాను. ఆయన కంగారుపడి లేవదీశారు. అంతా చెప్పాను. ఎవరితోనూ అనకూడని సంగతి అని ఆయనకీ తెలుసు. తలుపు గడియ వేసి వచ్చి కూర్చున్నారు.

"రూలు వెనక్కి తీసుకోమందామా అమ్మా?" అన్నారు.

"ఎలా తీసుకుంటామండీ? ఈ పక్షంలోనే ఆ రూలుకి ఇంకో నలుగురు దొరికారు. అందులో ఒకడు అప్పటికే తాడు కట్టుకుంటున్నాడు."

"పోనీ మీ ఆయన ఒక్కడి కాగితం తెప్పిత్తాను. తిరగ లెక్కెట్టాలని చెబుదాం. నువ్వు మూడను, నేనూ మూడంటాను. నా తల్లే, ఇంతకాలం కలిసి పని చేసేం, ఒక్క అబద్ధం ఆడలేనా నీకోసం?"

ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. ఆయన అన్నట్టే నాలుగు రోజుల్లో కాగితం తెప్పించారు. బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం. నేను కలం పట్టుకున్నాను.

కానీ మొన్న సాయంత్రం చూసినది కళ్ల ముందుకి వచ్చింది. బావకి అన్నం తీసుకుని పనిచోటుకి వెళ్లాను. ఇంకా వల కట్టని సందు దగ్గర గొంతుక్కూర్చుని నీళ్లలోకి చూస్తున్నాడు. నేను వెనక నిలబడ్డానని తెలియలేదు. నేను పిలవలేదు, ఎంతసేపు చూస్తాడో చూద్దామని ఆగాను. క్యారియర్లో పులుసు చల్లారిపోయింది. చివరికి ఒక కాలు అంచు కిందికి జార్చాడు. నేను కెవ్వుమన్నాను. ఉలిక్కిపడి కాలు తీసుకుని, "చెప్పు పడిపోయిందే, తీద్దామని," అన్నాడు. రెండు చెప్పులూ అతని కాళ్లకే ఉన్నాయి.

ఆ రాత్రి నిలదీస్తే ఒప్పుకున్నాడు. "మొదట్లో ఊరికే అలా చూసేవోణ్ణి. ఇప్పుడు రోజు రోజుకీ ఇంకాసేపు చూత్తన్నాను. చల్లగా ఉంటదే అక్కడ. పిలుత్తన్నట్టు ఉంటది." మళ్లీ తనే అన్నాడు. "అలాగని తేటకెళ్లనే. నేను కూడా మర్చిపోతే అదింకెక్కడుంటది?"

అవతారం గారు నా కలం వైపే చూస్తున్నారు. నేను చిన్న చెప్పుకి ఒకటి వేశాను. గౌనుకి ఒకటి వేశాను. రెండు చేతులకి ఒకటి. ఆపలేకపోయాను. నా లెక్క తప్పయితే ఎంత బాగుండేది! తప్పు కాదు. మా బావ మునిగిపోతున్నాడు, ఆ సంగతి ఈ ఊళ్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

అవతారం గారు తన కాగితం మీద కూడా ఏడు వేసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు.

ఆశ్లేష కార్తె

బిందెలో నీళ్లు అడుక్కొచ్చాయి. ఇంత ఉక్కపోతలోనూ గుక్కెడు గుక్కెడు తాగుతున్నాం. వర్షపు నీళ్లతో వంట చేసి, వాటితోనే గొంతు తడుపుకుని, బిందె నీళ్లు దాచుకుంటున్నాం. దొంగతనం లాగే ఉంది.

"నాకివ్వు బావా దాన్ని," అని అడిగాను. "నీలో ఉన్నదంతా నాకు చెప్పెయ్యి. నేను ఉంచుకుంటాను."

"మళ్లీ నువ్వు మునిగితేనో?"

"నేను చూడలేదుగా. వినడమేగా. విన్నదానికి ఎవరైనా మునుగుతారా?" అన్నాను. నాకేం తెలుసు.

అప్పట్నించి చెబుతున్నాడు. వంట దగ్గర, పక్క మీద, వల అల్లుకుంటూ. నన్ను అమ్మా అని పిలిచేది కాదట. వాళ్ల నాన్నని చూసి "తాయారూ" అనేదట. పులుసులో ముక్కలు వదిలేసి చింతపండు పిప్పి చప్పరించేదట. ఒక కాలు బావ పొట్ట మీద వేస్తే గాని నిద్ర పట్టేది కాదట. పీతని పట్టి నా పెట్టెలో దాచితే మూడు రోజులకి కంపు కొట్టి దొరికిందట.

"కొట్టానా?" అన్నాను.

"కొట్టబోయేవు. నీకంటే ముందు అదే గుండెలు బాదుకుని ఏడ్సింది, పీత సచ్చిపోయిందని. ఇంకేం కొడతావ్?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ బావ నా ఒళ్లో తల పెట్టుకుని భోరుమన్నాడు. మొదటిసారి చూశాను అతను ఏడవడం.

"ముక్కెలా ఉండేది బావా?"

"నీదే."

"నోరు?"

"అదీ నీదే. ఊరందరితో తగాదా."

రోజూ నేను అప్పజెప్పేదాన్ని. తప్పు చెబితే దిద్దేవాడు. గౌను రంగు ఆకుపచ్చన్నాను ఒకసారి. పసుపే, అంచు ఆకుపచ్చ అన్నాడు. ఇంక చెప్పడానికేమీ మిగల్లేదని తను అన్న రోజున కూడా నేను వదల్లేదు. "ఇంకోటి. ఇంకొక్కటి చెప్పు బావా." ఆలోచించి, ఆలోచించి, "నిద్దట్లో నవ్వేది," అన్నాడు.

ఇవాళ బిందె ఖాళీ అయింది. చివరి గుక్క నాకిచ్చాడు. బిందె చంకలో పెట్టుకుని గుమ్మం దాటి వెనక్కి తిరిగాడు. ఆ కళ్లలో దాన్ని ఆఖరిసారి చూడాలని నేను దగ్గరికెళ్లాను.

"జాగర్తే," అన్నాడు. నన్ను కాదు జాగ్రత్తగా ఉండమన్నది.

మఖ కార్తె

బావ ఇంటికొచ్చాడు.

నడక మారింది. మెడ నిటారుగా ఉంది. వచ్చీ రాగానే "ఆకలే తాయారూ!" అన్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. తిని అక్కడే గోడకి ఆనుకుని గురక పెట్టాడు. మూడేళ్లలో అంత నిద్ర నేను చూడలేదు. పక్కన కూర్చుని విసురుతూ ఉండిపోయాను. బతికాడు. నా బావ బతికాడు. దేవుడికి దండం పెట్టుకున్నాను.

నిద్ర లేచి వల బుట్ట చూసి ఆశ్చర్యపోయాడు. "ఎవడేసేడే నన్నీ పనిలో? నడుం ఇరిగిపోద్ది. పడవల్లోకి మార్చమని అడుగుతాను," అన్నాడు.

"అడుగు బావా," అన్నాను.

పుబ్బ కార్తె

నాకూ మరకలు చూపించారు. లెక్కించేవాళ్లకి కూడా మినహాయింపు లేదు. విరిగినది చెబితే మడ్డి, చచ్చినది చెబితే మడ్డి. లేనిది చెప్పి తప్పించుకుందామంటే ఆ దారి నేనే మూసేశాను. మొదటి అట్టలో పసుపు గౌను ఉంది, ఆకుపచ్చ అంచుతో సహా. మరక నల్లది. అయినా కనబడింది. "సీతాకోకచిలుక," అన్నాను. తర్వాతది గబ్బిలం అన్నాను. ఆ తర్వాతది ఇద్దరు ముసలమ్మలన్నాను. చూపించే అమ్మాయి నవ్వి, "మీకు కూడా అవేనా అండీ?" అంది.

విన్నదానికి మునగరన్నాను బావతో. అబద్ధం. చూడని పిల్ల రాత్రుళ్లు నా పొట్ట మీద కాలు వేస్తోంది. ముఖం మాత్రం ఇప్పటికీ లేదు. నా ముక్కే, నా నోరే అన్నాడని అద్దంలో నన్ను నేను చిన్నగా చేసి చూసుకుంటున్నాను.

ఈ సాయంత్రం బావ పడవ పని ముగించుకుని ఒక వంజరం చేప తెచ్చాడు. నేను పులుసు పెడుతుంటే పొయ్యి పక్కన చేరి, కాళ్లు చాపుకుని, పాటేదో కూనిరాగం తీశాడు. బయట పక్కింటి పిల్లలు వల మీద ఎగురుతూ అరుస్తున్నారు. వాళ్లని చాలాసేపు చూశాడు. ముఖంలో మబ్బేమీ లేదు.

"తాయారూ, మనకీ ఒక పిల్లుంటే బాగుండునే," అన్నాడు. "ఇన్నేళ్లయింది, మనం ఎందుకు కనలేదే?"

గరిటె చేతిలోనే ఉంది. చేప ముక్కలు ఉడుకుతున్నాయి. వెనక్కి తిరగకుండా పులుసు కలుపుతూనే ఉన్నాను.

"చాల్లే సంబడం! నడుం వంగాక ఇప్పుడు పిల్లలేంటి బావా? నలుగురూ వింటే నవ్విపోతారు."

బావ ఇల్లెగిరేలా నవ్వాడు. నేనూ నవ్వాను, గట్టిగా, అతనికంటే గట్టిగా. ఆ తర్వాత కంచాలు పెట్టి ఇద్దరికీ అన్నం వడ్డించాను.